పొగలేని నిప్పు

నోటు పుస్తకంలో అక్షరాలు గీత దిగిపోయి, పదాలు ఒకదాని మీదొకటి పడి ఉంటే, టీచరు ఎర్ర పెన్నుతో కింద రాసే మాట సాధారణంగా అక్షరాల గురించి ఉండదు. "శ్రద్ధ లేదు" అని ఉంటుంది, లేదా "నిర్లక్ష్యం" అని ఉంటుంది. కంటికి కనబడింది చెయ్యి చేసిన పని. తీర్పు పడింది మనసు మీద. మధ్యలో ఒక ఊహ జరిగిపోయింది: చేతి పనిని చూస్తే మనసు ఎంత కష్టపడిందో తెలిసిపోతుందని. చాలామంది పిల్లల విషయంలో ఆ ఊహ ఏదో మేరకు నిలబడుతుంది కాబట్టి, అది ఊహ అన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. డిస్‌ప్రాక్సియా ఉన్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి అది తలకిందులవుతుంది. అలాంటి పిల్లలకు తరగతిలో ఏం చేయాలన్న చర్చను మనం జాలితోనో ఓర్పుతోనో మొదలుపెడతాం. నా వాదన ఏమిటంటే, ఇది మొదట తర్కానికి సంబంధించిన ప్రశ్న, ఆ వెంటనే న్యాయానికి సంబంధించిన ప్రశ్న. జాలి దాకా పోనక్కర్లేదు. ఒక మనిషి చేసిన పనిలో మనిషి పాలెంత, ఒంటి పాలెంత అని ఈ దేశంలో శతాబ్దాలపాటు వాదించుకున్నారు. ఆ వాదాలను గౌరవంగా అరల్లో పెట్టుకున్న సమాజం, ఏడేళ్ల పిల్లవాడి రాతను చూసి వాడి సంకల్పానికి మార్కులు వేయడం నాకు వింతగా ఉంటుంది.

ముందు సంగతేమిటో చూద్దాం. వైద్యులు డిస్‌ప్రాక్సియాను డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. 1994లో కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరంలో సమావేశమైన నిపుణులు ఈ పేరు మీద ఒప్పందానికి వచ్చారు. అంతకుముందున్న పేర్లు ఇంకా మొరటువి. ఆస్ట్రేలియా న్యూరాలజిస్టు గబ్బే 1975లో రాసిన పుస్తకం పేరే 'ది క్లమ్సీ చైల్డ్'. పిల్లవాడి తెలివిలో లోటు ఉండదు, చూపులో లోపం ఉండదు, సెరిబ్రల్ పాల్సీ లాంటి నరాల జబ్బు ఉండదు. అయినా వయసుకు రావలసిన పనితనం ఒంటికి రాదు, వచ్చినా నిలకడగా ఉండదు. బొత్తాలు పెట్టుకోవడం, బూటు లేసు ముడి, బంతి పట్టుకోవడం, కత్తెర, పెన్సిలు, టిఫిను బాక్సు మూత: అన్నిటి దగ్గరా కాకపోయినా చాలాచోట్ల తడబాటు ఉంటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 5–6 శాతం మందికి ఇది ఉంటుంది. ఆ లెక్కన నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు. మగపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఎక్కువగా కనబడుతుంది. వయసుతో పాటు దానంతటదే పోతుందనుకోవడానికి వీల్లేదు. చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉంటుంది.

బోర్డు మీద ఉన్న ఒక్క వాక్యాన్ని నోటు పుస్తకంలోకి దించుకోవడమే తీసుకోండి. మూడో తరగతి పిల్లవాడు తలెత్తి రెండు పదాలు చూస్తాడు, తల దించి ఏ గీత దగ్గర ఆపాడో అక్కణ్నుంచి అందుకుంటాడు. పెన్సిలు ఎంత గట్టిగా పట్టాలో, కాగితం మీద ఎంత నొక్కాలో, అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో చేతికే తెలుసు. రెండో చెయ్యి పుస్తకం జారకుండా పట్టుకునే ఉంటుంది, నడుము బెంచీ మీద నిటారుగానే ఉంటుంది. వీటిలో ఏదీ వాడు తలచుకుని చేయడు. అందుకే మనసు వాక్యంలోని సంగతి మీద నిలుస్తుంది. డిస్‌ప్రాక్సియా ఉన్న పిల్లవాడికి ఇందులో ప్రతి ఒక్కటీ విడివిడిగా పూనుకుని చేయాల్సిన పని. నొక్కు చూసుకుంటే గీత తప్పుతుంది, గీత చూసుకుంటే పుస్తకం జారుతుంది, పుస్తకం సర్దుకుని తలెత్తేసరికి బోర్డు మీద ఎక్కడున్నాడో పోతుంది. పైగా మన లిపి గీత మీద బుద్ధిగా కూర్చునే రకం కూడా కాదు. పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు. 'రాష్ట్రం' అని రాయాలంటే ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు, రెండింటికీ చోటు ముందే అంచనా వేసుకోవాలి. బెల్లు కొట్టేసరికి వాడి చెయ్యి లాగుతుంటుంది, రబ్బరు పెట్టి తుడిచిన చోట కాగితం చిరిగి ఉంటుంది, రాసింది ఐదు పదాలు. అదే పాఠాన్ని నోటితో అడిగితే చెప్పగలిగే పిల్లలు వీళ్లలో ఎందరో. (మాట పలకడంలోనూ తడబడే పిల్లలు కొందరున్నారు; వాళ్ల కష్టం ఇంకో మెట్టు పైన.)

ఇక తర్కం సంగతి. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు, చిన్నవాళ్లకు సులువుగా బోధపడాలని తర్కసంగ్రహం రాశాడు. శాస్త్రం చదవాలనుకున్న కుర్రవాడికి ఇప్పటికీ ముందు చేతికిచ్చేది ఆ చిన్న పుస్తకమే. అందులో లోకంలో ఉన్నదంతా ఏడు పదార్థాల కింద సర్దుతాడు. ప్రయత్నం అందులో గుణం, అదీ ఆత్మకు చెందిన గుణం. జ్ఞానం, ఇచ్ఛ, సుఖదుఃఖాల సరసన కూర్చుంటుంది. కదలిక అసలు గుణాల జాబితాలోనే లేదు. దానికి కర్మ అని వేరే పదార్థం ఉంది. ఎత్తడం, దించడం, ముడవడం, చాచడం, పోవడం అని ఐదు విధాలు. అది ఆత్మలో ఉండదు, ఎందుకంటే నైయాయికుల, అంటే న్యాయశాస్త్రం చెప్పినవాళ్ల లెక్కలో ఆత్మ అంతటా ఉండేది, దానికి కదిలే చోటే లేదు. కదలిక ఉండేది శరీరంలోనూ వస్తువుల్లోనూ. పని జరిగే వరసను కూడా వాళ్లు స్పష్టంగా చెప్పారు: తెలుసుకోవడం, కోరుకోవడం, పూనుకోవడం, ఆపైన ఒళ్లు కదలడం. మొదటి మూడూ మనిషివి, నాలుగోది ఒంటిది. ఈ పిల్లవాడి ఇబ్బంది సరిగ్గా మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య ఉంది. అక్షరం ఏదో తెలుసు, రాయాలని ఉంది, పూనుకున్నాడు కూడా; చెయ్యి అనుకున్న దారిన పోలేదు. చేయబోయే కదలిక ఎటు దారితీస్తుందో మెదడు ముందే అంచనా కట్టి సర్దుకునే ఏర్పాటు ఈ పిల్లల్లో బలహీనంగా ఉంటుందన్నది నేటి పరిశోధకులు ఇస్తున్న వివరణల్లో ప్రధానమైనది. అన్నంభట్టుకు మెదడు గురించి తెలియదు, ఆయన ఉద్దేశం వైద్యమూ కాదు. ఆత్మ ఉందని నమ్మనివాళ్లు ఆయన లెక్కను ఒప్పుకోనక్కర్లేదు కూడా. అయినా పూనికనీ కదలికనీ ఒకే గంపలో వేయకూడదన్న మెలకువ మాత్రం నమ్మకంతో పని లేకుండా నిలబడుతుంది.

టీచరు చేసిన ఊహను ఆ శాస్త్రం పద్ధతిలోనే నిలబెట్టి చూద్దాం. ఈ పిల్లవాడిలో ప్రయత్నం లేదు. ఎందుకంటే రాత బాగోలేదు. రాత బాగోని చోటల్లా ప్రయత్నం ఉండదు. మూడో మాట నిలిస్తేనే మొదటి మాట నిలుస్తుంది. కుడిచేతి వాటం ఉన్న ఏ పెద్దమనిషైనా ఎడమచేత్తో పెన్ను పట్టి తన పేరు రాసి చూసుకుంటే అది కూలిపోతుంది: పూనిక పూర్తిగా ఉంది, అక్షరాలు కొంకర్లు పోయాయి. ఇలా హేతువు (ఇక్కడ రాత బాగోలేకపోవడం) ఉన్నా సాధ్యం (ప్రయత్నం లేకపోవడం) లేని చోటు ఒక్కటి దొరికినా ఆ ఊహను తార్కికులు సవ్యభిచారమని తోసిపుచ్చుతారు. దీనికి వాళ్లు తరతరాలుగా చెప్పే ఉదాహరణ ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. పొగను చూసి నిప్పు ఉందనుకోవచ్చు. నిప్పు లేనిదే పొగ రాదని మనకూ సామెత ఉంది. నిప్పును చూసి పొగ ఉండి తీరాలనడం మాత్రం తప్పు, పొగ లేదు కాబట్టి నిప్పు లేదనడమూ అంతే తప్పు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో పొగ ఉండదు, నిప్పు నిండుగా ఉంటుంది. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తగలాలి. ఆ మధ్యవర్తిని ఉపాధి అంటారు. పూనిక చక్కటి రాతగా బయటపడాలన్నా అలాంటి ఉపాధి ఒకటి కావాలి: చెప్పినట్టు వినే చెయ్యి. నూటికి తొంభైమందికి పైగా పిల్లల్లో ఆ ఉపాధి ఉంటుంది కాబట్టి దాని ఉనికే మనం మరిచిపోయాం. పొగ లేని ఇనుప గుండు దగ్గర నిలబడి ఇక్కడ నిప్పే లేదని ఎర్ర సిరాతో రాస్తున్నాం.

"అదంతా సరే, నిన్న బాగానే రాశాడుగా" అనే మాట ఇక్కడ తప్పక వస్తుంది. బళ్లో ఈ పిల్లల మీద పడే నిందల్లో బలమైనది ఇదే, ఎందుకంటే ఇది పైకి సాక్ష్యంలా కనబడుతుంది. ఒకసారి చేయగలిగినవాడు రెండోసారి చేయకపోతే అది ఒళ్లు బద్ధకం కాక మరేమిటి? కానీ నిలకడ లేకపోవడం ఈ స్థితికి లక్షణం. అలవాటుగా మారని పనిని ప్రతిసారీ కొత్తగా పూనుకుని చేయాలి. అలసట, ఆకలి, పక్కన గోల, వెనుక నుంచి ఎవరో తొందరపెట్టడం, ఏది తోడైనా ఫలితం మారిపోతుంది. నిన్న ఆ నాలుగు లైన్లు కుదరడానికి వాడు ఆ పూట మిగిలిన శక్తంతా అక్కడే ఖర్చు పెట్టి ఉండవచ్చు. మరి నాటకమాడే పిల్లలు లేరా అంటే, ఉన్నారు. పెన్సిలు పోయిందంటారు, మంచినీళ్లకు వెళ్తామంటారు, పక్కవాణ్ని నవ్విస్తారు. వీళ్లలో ఆందోళన, తమ మీద తమకు చిన్నచూపు మిగతా పిల్లలకంటే ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. తప్పించుకునే ఎత్తుల్లో ఎన్నో ఓడిపోయిన తర్వాత మొదలయ్యేవే. ఏది నాటకమో ఏది నిజమో తేల్చడానికి కూడా తార్కికులు అన్వయ వ్యతిరేకాలనే దారి చూపారు. పని అలాగే ఉంచి రాత ఒక్కటి తీసెయ్యండి. లెక్క నోటితో చెప్పమనండి, లేదా అచ్చేసిన కాగితం మీద సరైన జవాబుకు టిక్కు పెట్టమనండి. అప్పుడు చురుగ్గా కదిలితే తప్పు ఎక్కడుందో తేలినట్టే. అప్పటికీ కదలకపోతే కారణం వేరే చోట వెతకాలి; డిస్‌ప్రాక్సియా పేరు చెప్పి దాన్ని కప్పిపుచ్చమని నేను అనను.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: ఆధారమైన శరీరం, కర్త, పనిముట్ల వంటి ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, దైవం. ఐదుంటే కర్త ఒక్కణ్నే చూసేవాడు సరిగ్గా చూడటం లేదని కూడా అక్కడే ఉంది. దీనికి ఒక అభ్యంతరం న్యాయమైనదే. గీత ఆ మాట చెప్పింది అర్జునుడి అహంకారం సడలించడానికి, రాత పరీక్ష దిద్దడానికి కాదు. తన విషయంలో అన్వయించుకోమన్నదాన్ని ఎదుటివాడి మీద అన్వయిస్తే ఇక ఎవడికీ ఏ తప్పూ అంటదు. నిజమే, అన్నింటికీ అన్వయిస్తే అంటదు. అయితే విశ్లేషణ నా విషయంలో నిజమైతే ఎదుటివాడి విషయంలో అబద్ధం కాజాలదు. పైగా మన ఆచరణ చూస్తే సరిగ్గా తిరగబడి ఉంటుంది. పెద్దవాళ్లం మన పని చెడితే "మన చేతుల్లో ఏముంది" అని దైవం దాకా వెళ్లిపోతాం, ఐదు కారణాలూ మనకే వాడేసుకుంటాం. పిల్లవాడికి మాత్రం ఒకే కారణం మిగులుస్తాం. ఎవరికి ఏది మిగులుతోందన్నది చూస్తే ఇందులో వేదాంతం కన్నా అధికారమే ఎక్కువ పనిచేస్తోందని నాకు అనిపిస్తుంది.

మతం వైపు నుంచి ఇంకో మాట వినిపిస్తుంది, తరచుగా ఇంట్లోంచే: వాడి పూర్వజన్మ కర్మ, ఎవరేం చేస్తారు. ఈ మాటను నమ్మకం లేనివాళ్లు కొట్టిపారేయడం తేలిక. నమ్మినవాళ్లకు నమ్మకంలోంచే జవాబు చెప్పడం మేలు. నైయాయికులు అదృష్టాన్ని, అంటే పుణ్యపాపాల ఫలాన్ని, కారణంగా ఒప్పుకున్నారు. కానీ ఈశ్వరుడు, కాలం, దిక్కులతో పాటు దాన్ని సాధారణ కారణాల్లో వేశారు. పుట్టే ప్రతి కార్యానికీ అవి కారణాలే. కుండ పుట్టడానికీ గుడ్డ పుట్టడానికీ అవే కారణాలైతే, ఇది కుండ ఎందుకైంది గుడ్డ ఎందుకు కాలేదు అన్నది వాటిని చెప్పి తేల్చలేం. దానికి మన్ను, కుమ్మరి, సారె లాంటి ప్రత్యేక కారణాలు వెతకాలి. పిల్లవాడి చేతి విషయంలోనూ అంతే. కర్మే కారణమని నమ్మినా, రేపు తరగతిలో ఏం చేయాలో ఆ నమ్మకం చెప్పలేదు; పెన్సిలు పట్టు ఎలా ఉందో, బల్ల ఎత్తు సరిపోయిందో, కాళ్లు నేలకు ఆనుతున్నాయో చూడాల్సిందే. కర్మ మాటను చేతులు ముడుచుకోవడానికి వాడుకునేవాళ్లు ఒకటి గమనించాలి: జ్వరం వస్తే ఆ మాట అనుకుని మందు మానేసినవాళ్లు వాళ్లలోనూ కనబడరు.

అభ్యాసం గురించిన అభ్యంతరం వీటన్నిటికంటే బరువైనది. అభ్యాసం కూసు విద్య అని నమ్మిన జాతి మనది. సంగీతం, వేదం, కూచిపూడి అన్నీ మళ్లీ మళ్లీ చేయించే నేర్పారు. ఈ పిల్లవాడికి మాత్రం రాత తగ్గించమంటే ఉన్న కాస్త కూడా పోదా? ఈ ప్రశ్నలో సగం సత్యం ఉంది. డిస్‌ప్రాక్సియా ఉన్న పిల్లలకు అభ్యాసం పనిచేస్తుంది; కాకపోతే ఎలాంటి అభ్యాసమన్నదే అసలు సంగతి. 2019లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు, పిల్లవాడికి కావలసిన పనినే తీసుకుని, ఆ పని మీదే సాధన చేయించే పద్ధతులను సమర్థించాయి. కెనడాలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు పొలాటైకో, మాండిక్ అభివృద్ధి చేసిన కో-ఆప్ అనే పద్ధతి ఈ కోవలోది. ఏం సాధించాలో పిల్లవాడే చెబుతాడు, ఎలా చేయాలో తనే ఒక ప్లాను వేస్తాడు, చేస్తాడు, కుదిరిందో లేదో తనే సరిచూసుకుంటాడు. పెద్దవాళ్లు ప్రశ్నలు అడుగుతారే తప్ప చెయ్యి పట్టి దిద్దించరు. తప్పు రాసిన పదాన్ని వందసార్లు రాయించే ఇంపొజిషను దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ప్లాను లేదు, సరిచూసుకోవడం లేదు. వంకర అక్షరాన్నే వందసార్లు వంకరగా రాయడం ఉంది. కూచిపూడి గురువు కూడా శిష్యురాలి అడుగు తప్పితే అదే తప్పు అడుగు వందసార్లు వేయించడు. ఆపి, విడగొట్టి, మెల్లగా చూపిస్తాడు. మన సంప్రదాయంలోని అభ్యాసం అది. ఇంపొజిషను శిక్ష మాత్రమే, దాన్ని సాధన ఖాతాలో వేయకూడదు.

ఇక మిగతా పిల్లల మాటేమిటి? ఒకడికి ఎక్కువ సమయమిస్తే మిగిలినవాళ్లకు అన్యాయం కాదా? ఈ ప్రశ్నకు చట్టం ఇప్పటికే ఒక జవాబు ఇచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాల జాబితాలో డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియాలతో పాటు డిస్‌ప్రాక్సియాను పేరుపెట్టి చెప్పింది. వింతేమిటంటే, ఆ గుంపుకు ఇచ్చిన నిర్వచనం భాషను గ్రహించడంలో లోపం గురించి మాట్లాడుతుంది; డిస్‌ప్రాక్సియాలో చిక్కు భాషలో కాదు, ఒంటిలో. చట్టం రాసినవాళ్లు కూడా ఈ పిల్లవాణ్ని సరిగ్గా చూడలేదన్నమాట, చోటైతే ఇచ్చారు. అదే చట్టం పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి మార్పులు చేయాలని కూడా అంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఇబ్బంది ఉన్న సివిల్స్ అభ్యర్థికి రాసిపెట్టే మనిషిని నిరాకరించారు. నలభై శాతం వైకల్యం ఉంటేనే ఆ వసతి అనడం చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. ఆ తీర్పును అనుసరించి 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు నలభై శాతం లోపు ఉన్నవాళ్లకు కూడా గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం అన్నాయి. చట్టం సంగతి అలా ఉంచి విషయంలోకి వెళ్తే, అన్యాయమో కాదో తేలాలంటే పరీక్ష దేన్ని కొలుస్తోందో ముందు చెప్పాలి. సాంఘిక శాస్త్రం పేపరు కాకతీయుల చెరువుల గురించి తెలుసో లేదో కొలుస్తోందా, నిమిషానికి ఎన్ని అక్షరాలు రాస్తాడో కొలుస్తోందా? మొదటిదే అయితే, చేతి వేగం వల్ల పోయిన మార్కులు కొలతలో దొర్లిన తప్పు. ఆ తప్పును సరిచేయడం వల్ల పక్కవాడికి పోయేదేమీ లేదు. ఒకవేళ నలభై మందికీ సమయం చాలడం లేదంటే, పేపరు పొడుగైందని అర్థం. అప్పుడు అందరికీ పెంచాల్సిందే.

అయినా ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అంటే, ఒప్పుకుంటాను. వేదకర్మల విధులను చర్చించిన మీమాంసకులు ఇలాంటి ప్రశ్ననే యజ్ఞం విషయంలో ఎదుర్కొన్నారు. అంగాలన్నీ, అంటే అందులోని చిన్న చిన్న క్రియలన్నీ, సరిగ్గా చేయలేనివాడు కర్మ చేయవచ్చా? జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో వాళ్లు చేసిన విభజన ఇప్పటికీ పదునుగానే ఉంది. రోజూ తప్పక చేయాల్సిన నిత్యకర్మను ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్లు చేయవచ్చు, కొన్ని అంగాలు లోపించినా అది చెడదు. ఫలం కోరి చేసే కామ్యకర్మకు అంగాలన్నీ ఉండి తీరాలి. ఇంట్లో వినాయక చవితి పూజ సంకల్పంలో వినబడే 'యథాశక్తి' అన్న మాట ఈ ఆలోచనకు దగ్గరి చుట్టం. పూజ చివర మంత్రంలో, క్రియలో, భక్తిలో వచ్చిన లోపాలకు క్షమాపణ చెప్పుకోవడమూ అందుకే. క్రియాలోపం భక్తిలోపం కాదన్నది ఆ వరసలోనే ఉంది, రెంటినీ విడివిడిగానే లెక్కపెట్టారు. అదే మీమాంస పుట్టుకతో అంగవైకల్యం ఉన్నవాణ్ని కొన్ని యజ్ఞాల నుంచి దూరం పెట్టిందనీ ఇక్కడే చెప్పాలి. సంప్రదాయం అంతా మన పక్షానే ఉందని నటిస్తే అది వాదన కాదు, వకాల్తా. నాకు పనికొచ్చేది ఆ విభజన. 6 నుంచి 14 ఏళ్ల వరకు చదువును 2009 చట్టం ప్రతి బిడ్డకూ హక్కు చేసింది, ప్రభుత్వానికి తప్పని విధి చేసింది. అది నిత్యకర్మ. అక్కడ శక్తికి తగ్గట్టు చేయనివ్వడం మినహాయింపు కాదు, నియమమే. రేపు వాడు శస్త్రచికిత్స నేర్చుకుంటానన్నా, నగిషీ పని చేస్తానన్నా అది కామ్యం. చేతి పనితనమే అక్కడ విద్య, దాన్ని ఎవరికీ తగ్గించలేం. మూడో తరగతిలో మార్జిను గీత వంకర పోయినందుకు సర్జన్ పరీక్ష పెట్టినట్టు ప్రవర్తించడం ఈ రెంటినీ కలిపేయడమే.

తరగతిలో చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. హోంవర్కు డైరీలో దించుకోమనకుండా చీటీ అంటించాలి. లెక్కలకు గళ్ల పుస్తకం ఇస్తే ఒకట్ల స్థానం కింద ఒకట్లు నిలుస్తాయి. బోర్డుకు ఎదురుగా, అటూ ఇటూ మోచెయ్యి తగలని చోట కూర్చోబెట్టాలి. సూచనలు ఒక్కొక్కటిగా చెప్పాలి. విషయానికి ఒక మార్కు, రాతకు ఒక మార్కు విడిగా వేయాలి. పీటీ పీరియడులో పిల్లల చేత జట్లు ఎంచుకోనిస్తే చివర మిగిలేది ప్రతిసారీ వీడే కాబట్టి జట్లు టీచరే వేయాలి. కంపాసుతో వృత్తం గీయాల్సి వస్తే పక్కవాడు ముల్లు పట్టుకోవచ్చు, జ్యామితి తెలియడానికి అది అడ్డు కాదు. టైపింగు చాలామందికి మేలు చేస్తుంది, తెలుగులో దానికి వేరే సాధన కావాలి. సమగ్ర శిక్ష కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం రిసోర్సు టీచర్లు ఉన్నారు. కానీ నడవలేని, వినలేని పిల్లల మధ్య ఈ పిల్లవాడు బాగానే ఉన్నట్టు కనబడతాడు. ఇవేవీ టీచరు మీద భారం మోపవన్నది నా వాదన కాదు. అరవై మంది ఉన్న గదిలో చీటీ అంటించడం కూడా పనే. భారం ఉన్నందున విధి చిన్నదవుతుంది, మాయం కాదు. అదీ కుదరకపోతే, కనీసం ఎర్ర పెన్ను పట్టినప్పుడు చేతి గురించి చేతి మాటే రాయవచ్చు: 'అక్షరాల మధ్య చోటు వదలాలి' అని. దానికి కాలం ఖర్చు కాదు.

చివరి అభ్యంతరం పిల్లవాడి తరఫునే ఉంది. తప్పు నీది కాదు, చేతిది అని చెబుతూ పోతే వాడికి తన పని మీద కర్తృత్వమే లేకుండా పోదా? దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. నిందను తీసేసే తొందరలో మనిషినే తీసేసే ప్రమాదం ఉంది. ఇంటర్ చదివే వయసులోనూ అమ్మే లేసు కట్టాల్సిన పిల్లలు అలాగే తయారవుతారు. అయితే పైన చెప్పిన వరసలో మొదటి మూడూ వాడివే: తెలుసుకోవడం, కోరుకోవడం, పూనుకోవడం. వాడి బాధ్యత అక్కడ నిండుగా ఉంది. పూనిక దేని మీద పెట్టాలో తేల్చుకోవడం, ఏ దారి తనకు కుదురుతుందో కనిపెట్టడం, కుదరకపోతే దారి మార్చడం వాడే చేయాలి. కో-ఆప్ పద్ధతిలో లక్ష్యం ఎంచుకునే హక్కు పిల్లవాడి చేతికిచ్చింది ఇందుకే. ఇక్కడే పెద్దవాళ్లకు చిక్కొస్తుంది. ముత్యాల్లాంటి రాత కావాలని టీచరు కోరుకుంటారు, మార్కులు కావాలని తల్లిదండ్రులు కోరుకుంటారు. అడిగితే పిల్లవాడు సైకిలు తొక్కడం రావాలంటాడు, లేదా ఎవరూ నవ్వకుండా టిఫిను బాక్సు మూత తెరవాలంటాడు. అప్పుడు మొదలుపెట్టాల్సింది మూతతోనే, అక్షరాలు ఆగాలి.